స్నానం చేసిన కోడిపుంజు

మహమ్మారి వచ్చిపోయినప్పటి నుంచి చేతులు కడుక్కోవడం గురించి నాకు అందరూ పాఠాలు చెబుతున్నారు. మా అపార్టుమెంటు లిఫ్టులో అయితే బొమ్మలేసి మరీ అతికించారు. అది చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. నాయనా, మీరు పలక పట్టకముందే ఈ పని మీద తిట్లు తిన్నదాన్ని నేను. కొండాపూర్‌లో నన్ను "స్నానాల మేడమ్" అనేవాళ్ళు. ఎదుట కాదు, వెనకాల. కానీ నావి పాము చెవులు, అన్నీ వినిపించేవి.

ఇప్పుడు కొండాపూర్ అంటే మీకు హోటళ్ళు, ట్రాఫిక్, ఆఫీసు బస్సులు. తొంభైల చివర్లో నేను అక్కడ పనిచేసింది కోడిపిల్లల హేచరీలో. గుడ్లను యంత్రాల్లో మూడు వారాలు పొదిగించి, పుట్టిన పిల్లలను అట్టపెట్టెల్లో సర్ది రైతుల ఫారాలకు పంపేవాళ్ళం. మా గోడ బయట బండలు పేల్చేవాళ్ళు, గోడ లోపల పిల్లలు కిచకిచలాడేవి. రోడ్డు మీద కంకర టిప్పర్లు, నీళ్ళ ట్యాంకర్లు తప్ప ఇంకేం తిరిగేవి కావు. దూరంగా అద్దాల భవనాలు లేస్తుండేవి. వాటిలో కంప్యూటర్లు పెడతారని చెప్పుకునేవాళ్ళు, మాకు ఆ సంగతి పట్టేది కాదు.

నేను పశువైద్యం చదివినదాన్ని. ఊరు అనంతపురం వైపు, నోరు కూడా అటువైపుదే. నన్ను ఆ హేచరీలో పెట్టుకోవడానికి ఒక కారణం ఉంది. అంతకు ముందు ఏడాది అక్కడ కొక్కెర తెగులు వచ్చింది. కోళ్ళు తుమ్ముతూ, ఆకుపచ్చగా విరేచనాలయి, మెడ వంకర తిరిగి చచ్చిపోయే జబ్బు అది. ఒక్క కోడికి వస్తే చాలు, ఊరంతా చుట్టబెడుతుంది. లోపలికి ఎలా వచ్చిందో ఎవరికీ తెలియలేదు. ఎవరి చెప్పులకో, ఏ లారీ చక్రాలకో అంటుకొని వచ్చి ఉంటుంది. పిల్లలను కొన్న రైతులు గేటు ముందు గొడవ చేశారు. నెలల తరబడి హేచరీ మూతపడింది. పనిచేసే ఆడవాళ్ళలో కొందరు ఇళ్ళలో కూర్చున్నారు, కొందరు ఆ అద్దాల భవనాలకు కంకర మొయ్యడానికి పోయారు.

మా ఓనరుగారు గుంటూరు వైపు మనిషి. మాట మెత్తన, గుండె కూడా మెత్తనే. నేను చేరినరోజు అందరినీ నిలబెట్టి ఉన్నమాట చెప్పేశారు.

"చూడండి మేడమ్ గారూ, ఇంకొక్కసారి ఆ రోగం ఈ గేటు దాటిందంటే నేను చేతులెత్తేస్తానండి. రోజుకో బ్రోకరు వచ్చి కూర్చుంటున్నాడు. ఈ నేల బంగారమట, నేను దాని మీద కోడిపిల్లలను పెట్టుకొని కూర్చున్నానట."

ఆ మాట విన్న ఆడవాళ్ళ మొహాలు నేను చూశాను. రోగం వస్తే కోళ్ళతో పాటు ఇన్ని ఇళ్ళ పొయ్యిలు ఆరిపోతాయని అప్పుడే అర్థమైంది.

ఇక మొదలుపెట్టాను నా రాజ్యం. గేటు దగ్గర మందునీళ్ళ తొట్టి, అందులో కాళ్ళు ముంచనిదే అడుగు పడకూడదు. తర్వాత తలస్నానం. బయటి బట్టలు, చెప్పులు బయటే వదలాలి, లోపలికి కంపెనీ బట్టలు, కంపెనీ చెప్పులు. మధ్యలో బయటికి పోతే మళ్ళీ స్నానం. కరెంటు మీటరు చూసే అతను స్నానం చెయ్యనని మొండికేస్తే, మీటరునే గేటు బయటికి మార్పించాను. అన్నిటికంటే వాళ్ళను నొప్పించిన నియమం ఇంకొకటుంది. ఇక్కడ పనిచేసేవాళ్ళు ఇంట్లో కోళ్ళు పెంచకూడదు.

"కోళ్ళు లేకుంటే తెల్లారిందని ఎవలు చెప్తరు మేడం?" అని అడిగింది ఒకామె.

"గడియారం చెబుతుంది."

"మంచిగుంది. పండుగనాడు గడియారం కోసుకుంటమా?"

అందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను, నియమం మాత్రం మార్చలేదు.

పిల్లల గదిలో అందరికీ పెద్ద ఒకామె ఉండేది. పెద్దమ్మ అని పిలిచేవాళ్ళం. పుట్టి పెరిగింది కొండాపూర్‌లోనే, చిన్నప్పుడు ఆ గుట్టల మీద మేకలు కాసిందట. చలికాలం పొద్దున బాత్‌రూములోంచి వణుకుతూ వచ్చి నా ముందు నిలబడేది. "పెండ్లినాడు గూడ నాకిన్ని నీళ్ళు పొయ్యలే మేడం. ఇగ చాలా, ఇంకో బకెట్ పోసుకోవాల్నా?" అనేది. తిడుతూనే చేసేది. ఆమె చేసింది కాబట్టే మిగతావాళ్ళూ చేశారు. మరి నేను చెబితే వింటారా అంత మంది?

ఏడాది సుఖంగా గడిచింది. ఎండలు ముదిరాక మదీనాగూడ వైపు నుంచి కబురు మొదలైంది. ఇళ్ళలో కోళ్ళు పోతున్నాయట. తర్వాత కొండాపూర్‌లోనే, రోడ్డు పక్క గుంతలో చచ్చిన కోళ్ళు కనిపించాయి. నేను మందు పాళ్ళు పెంచాను, లారీ చక్రాలను దగ్గరుండి కడిగించాను. పెద్దమ్మ మాటలు తగ్గాయి. ఒకరోజు పిల్లలను పెట్టెల్లో సర్దుతూ నా దగ్గరికి జరిగింది.

"ఈపాలి మూసిండంటే సారు మళ్ళ తెరవడు గద మేడం?"

"మన దాకా రాదులే పెద్దమ్మా."

"పోయినపాలి కంకర మోస్తే మెడ పట్టేసింది. ఇప్పటికీ తిరుగుతలేదు. మళ్ళ మొయ్యాలంటే నాతోని కాదు." పెట్టె మూత వేస్తూ, "అమ్మకు చెప్పుకోవాలె" అంది.

"చెప్పుకో పెద్దమ్మా, తప్పేముంది" అన్నాను. దండం పెట్టుకుంటుందేమో అనుకున్నాను నేను. పోచమ్మ తల్లికి కోడిని ఇస్తానని ఆమె అప్పటికే మొక్కేసిందని, నా మాటతో దానికి అనుమతి కూడా దొరికేసిందని నాకెలా తెలుస్తుంది?

ఆ వారంలోనే వచ్చింది ఆ రోజు. యంత్రాల్లోంచి పిల్లలను తీసే రోజది. ఆ రోజు మాకు ఊపిరాడదు. పిల్లలు పుట్టాక యంత్రంలో ఎక్కువసేపు ఉంచితే ఒంట్లో తడి ఆరిపోయి చచ్చిపోతాయి. పొద్దున్నే మొదలుపెట్టి తీసి, చూసి, టీకా వేసి, పెట్టెల్లో సర్ది లారీ ఎక్కించాలి. కొత్తగూడ చౌరస్తాలో బస్సు దిగి నడుస్తుంటే డప్పు చప్పుడు వినిపించింది. ఎవరిదో పెళ్ళి అనుకున్నాను. దగ్గరికి పోయేకొద్దీ ఆ చప్పుడు మా గేటు దగ్గరి నుంచే వస్తోంది.

గేటు ముందు ముగ్గు. వేపమండలు కట్టిన బోనం కుండ. పట్టుచీరలు కట్టిన మా ఆడవాళ్ళు. వాళ్ళ మధ్య గోనెపట్టా మీద, కాలికి గుడ్డపేలిక కట్టి, నెత్తిన పసుపు రాసిన ఒక కోడిపుంజు.

"ఓరి నా దేవుడా! ఏమిదంతా?" అని అరిచాను.

పెద్దమ్మ ఏమాత్రం బెదరలేదు. "ఫికర్ చెయ్యకు మేడం. లోపల అడుగు పెట్టలే. గేటు కాడ్నే ఉన్నం. అందరం తానం చేసినం. చూడు, తలలు ఇంక తడిగనే ఉన్నయి."

"మరి ఆ కోడి?"

"దానికి గూడ పోసినం" అంది గర్వంగా. "మన మందునీళ్ళ తొట్టిలనే ముంచి తీసినం, జర రెక్కల కింద గూడ రుద్దినం. తానం లేకుండ పురుగు గూడ లోపలికి పోవద్దంటవు గద. ఇగ నువ్వు వంక పెట్టడానికి ఏం లేదు."

నేను పుంజు వైపు చూశాను. తోక ఈకలన్నీ అతుక్కుపోయి, సగానికి సగం అయిపోయి, ఒంటికన్నుతో నా వైపే చూస్తోంది. నీ వల్లే కదా నాకీ గతి అన్నట్టుంది దాని చూపు. ఒళ్ళు మండిపోవాల్సిన చోట నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. నా నియమాన్ని నాకంటే నిష్ఠగా పాటించారు మహాతల్లులు.

"మరి ఇంకా కొయ్యలేదేం?" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ.

అక్కడే చిక్కొచ్చి పడిందట. బలిచ్చే ముందు కోడి మీద నీళ్ళు చల్లుతారు. అది ఒళ్ళు దులుపుకుంటే అమ్మ ఒప్పుకున్నట్టు. ఆ తర్వాతే కత్తి. ఈ పుంజేమో నిలువునా తడిసి, అప్పటి నుంచి వణుకుతూనే ఉంది. వణుకుతోందా, దులుపుకుంటోందా అన్నది తేలక రెండు పక్షాలై వాదించుకుంటున్నారు. తేలగానే గేటు దగ్గర కోసి, నెత్తురు కలిపిన అన్నం హేచరీ చుట్టూ చల్లాలని వాళ్ళ ఏర్పాటు.

అంతలో పుంజు తుమ్మింది.

నా నవ్వు ఆగిపోయింది. దూరం నుంచే వంగి చూశాను. ముక్కు తెరిచి ఊపిరి లాగుతోంది. గోనెపట్టా మీద ఆకుపచ్చటి రెట్ట.

"ఎక్కడిదీ కోడి?"

"అంగట్ల తెచ్చిన. జర సస్తగనే ఇచ్చిండు" అంది పెద్దమ్మ.

ఇస్తాడు మరి. ఇంట్లో కోళ్ళు పోతుంటే మిగిలినవాటిని ఎలాగోలా అమ్ముకోవాలని చూడడూ? "ఎవరెవరు ముట్టుకున్నారు దీన్ని?"

అందరూ. మొక్కు అందరిదీ కాబట్టి అందరూ చెయ్యి వెయ్యాలట. ఆలస్యంగా వచ్చిన ఇద్దరు మాత్రం ఇంకా ముట్టలేదు.

"పెద్దమ్మా, తొట్టిలో నీళ్ళు పైన కడుగుతాయి. రోగం దాని లోపలుంది. అది తుమ్మితే మీ చేతుల మీద, చీరల మీద పడింది."

"మళ్ళ తానం చేస్తం."

"చాలదు. ఈ వారమంతా ముట్టుకున్నవాళ్ళు ఎవరూ లోపలికి రావద్దు."

డప్పు ఆగిపోయింది. అప్పుడు వినిపించాయి లోపలి నుంచి పిల్లల అరుపులు. యంత్రాలు తెరిచే వేళ దాటిపోతోంది.

"పిల్లలు ఎండిపోతయి మేడం" అంది పెద్దమ్మ. "మేం రాకుంటే ఎవలు తీస్తరు?"

వీళ్ళను రానిస్తే రోగం వాళ్ళ వెంటే లోపలికి పోవచ్చు, ఇక్కడి నుంచి పెట్టెలెక్కి ఎన్ని ఫారాలకైనా పోవచ్చు. రానివ్వకపోతే పిల్లలు యంత్రాల్లోనే చచ్చిపోతాయి. ఎటు పోయినా ఓనరుగారు గేటుకు తాళమేస్తారు. నాకు ఏడుపొచ్చింది, నిజం చెబుతున్నాను. ఏడిచే తీరిక లేక ఊరుకున్నాను.

సరిగ్గా అప్పుడే ఓనరుగారి కారు వచ్చి ఆగింది. పక్కన ఆయన భార్య. వెనక సీట్లోంచి ఇస్త్రీ మడత నలగని తెల్లబట్టల్లో ఒకాయన దిగాడు. నేల చూసుకోవడానికి వచ్చాడని వేరే చెప్పక్కర్లేదు.

"ఏంటండీ ఈ మేళం?" అన్నారు ఓనరుగారు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది.

"ఇంగెందుకు సార్ ఈ కోళ్ళ బాధ?" అన్నాడు తెల్లబట్టలాయన. మాట వినగానే మావైపు మనిషేనని తెలిసిపోయింది. "ఈ పొద్దే మాట్లాడేసుకుందాం. పీడా పోతాది."

ఓనరుగారు తల దించుకున్నారు. ఆ తల సరేనని ఊగబోతోందని నాకు తెలిసిపోయింది. పెద్దమ్మ చెయ్యి తనకు తెలియకుండానే మెడ మీదికి పోయింది. అది చూసి నాకు ఎక్కడలేని కోపమొచ్చింది.

"సార్, మీరు కోడిని ముట్టలేదు కదా? అమ్మగారు కూడా ముట్టలేదు. పదండి, స్నానానికి."

"నేనాండీ?"

"మీరే."

"నేను పొద్దున్నే చేశానండీ!"

"అది దేవుడికి చేశారు. ఇప్పుడు పిల్లల కోసం చెయ్యండి."

ముందు కదిలింది ఆయన భార్య. "ఇన్నేళ్ళ నుంచి హేచరీ హేచరీ అని వినడమే గానీ, లోపల ఏముందో ఒక్కసారైనా చూపించారా మీరు? పదండి" అని చెప్పులు విడిచి, నేను కడిగి కొత్త మందునీళ్ళు నింపిన తొట్టిలో కాళ్ళు పెట్టింది. నేను తెల్లబట్టలాయనకు కూడా చెప్పాను. "అన్నా, మీరూ రావచ్చు. లోపల బట్టలున్నాయి" అన్నాను. ఆయన తన పంచె వైపు చూసుకొని, కారులో ఏసీ వేసుకొని కూర్చున్నాడు.

అట్లా ఆ రోజు పిల్లలను తీసింది ఓనరుగారు, ఆయన భార్య, ఆలస్యంగా వచ్చిన ఇద్దరు, రాత్రి డ్యూటీ నుంచి ఇంకా బయటికి రాని మెషీన్ ఆపరేటరు, నేను. ఓనరుగారికి కంపెనీ ప్యాంటు మోకాళ్ళ దాకానే వచ్చింది. ఆపరేటరు మొదటి ట్రే లాగేసరికి వెచ్చటి గాలి, దాంతో పాటే పసుపుపచ్చటి నూగు ఎగిరి మొహాన పడ్డాయి. ట్రే నిండా పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ అరుస్తున్నాయి. ఆయన అలాగే నిలబడిపోయారు.

"ఇవన్నీ మనవేనాండీ?" అన్నారు చిన్నగా.

"మనవే సార్. తొందరగా తియ్యండి."

మా ఆడవాళ్ళు ఇళ్ళకు పోలేదు. గోడ బయట, రోడ్డుకు అవతల, మండుటెండలో నిలబడ్డారు. పై కిటికీలోంచి కనిపిస్తున్నామేమో, పెద్దమ్మ అక్కడి నుంచే కేకలు పెట్టింది. "సారూ! గట్టిగ పట్టకు! పానం పోతది దానికి!"

"అలాగేనమ్మా!" అని ఈయన ఇక్కడి నుంచి కేకేశారు. చేతిలో పిల్ల ఆయన వేలిని పొడిచింది. ఆయన దాన్ని వదల్లేదు. మధ్యాహ్నం దాటాక డప్పు మళ్ళీ మోగింది. ఊరికే నిలబడి ఏం చేస్తాడు ఆ డప్పాయన?

అన్ని ట్రేలూ కాపాడలేకపోయాం. వెనక యంత్రంలో కొన్ని పిల్లలు వాడిపోయాయి. కానీ లారీ నిండింది, కదిలింది. దాన్ని చూసి రోడ్డవతల ఆడవాళ్ళు చేతులెత్తి దండం పెట్టారు. లారీకో, పోచమ్మకో, ఓనరుగారికో తెలియలేదు.

ఓనరుగారు మెట్టు మీద కూలబడి తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. తెల్లబట్టలాయన ఎప్పుడో ఏ టిప్పరో పట్టుకొని వెళ్ళిపోయాడు. "పోనివ్వండి. ఆయన వెనకాల పరిగెత్తి, వచ్చి మళ్ళీ స్నానం చేసే ఓపిక నాకు లేదు" అన్నారు. అప్పుడే అడిగేశాను, ఈ వారం బయటున్నవాళ్ళ కూలి కొయ్యొద్దని. కోస్తే ఇంకోసారి ఏం జరిగినా మనతో చెప్పరని. ఆయన భార్య ఆయన వైపు చూసింది. "అలాగేలెండి" అన్నారు.

మిమ్మల్ని ఊరించడం ఎందుకు, చెప్పేస్తాను. ఆ వేసవిలో రోగం మా గేటు దాటలేదు. హేచరీ ఆ తర్వాత చాలా ఏళ్ళు నడిచింది. పెద్దమ్మ మళ్ళీ కంకర మొయ్యలేదు. ఇప్పుడక్కడ అపార్టుమెంట్లు లేచాయి గానీ, అది మేమంతా మా మా వయసుకు రిటైరయ్యాక జరిగిన సంగతి. దాని గురించి నాకు బాధేం లేదు. నాకు గుర్తుండిపోయింది ఆ వారంలోనే ఒక పొద్దు.

అమ్మకు మొక్కిన కోడిని ఊరికే చంపకూడదని, పుంజును పెద్దమ్మ ఆ రోజే తీసుకుపోయి గుట్టల దగ్గర పాడుబడిన మేకల కొట్టంలో కట్టేసింది. దానికి గింజలు వేసే పని తనదేనని, ఇంకెవరూ అటు రావద్దని మిగతావాళ్ళకు చెప్పింది. ఆ రోజుల్లో నాకు అన్నం సయించలేదు. రైతుల దగ్గరి నుంచి ఫోను మోగితే పరిగెత్తేదాన్ని. ఒక పొద్దున గేటు తీయబోతుంటే రోడ్డు అవతలి నుంచి పిలుపు.

"మేడం! కోడి పాయె!"

పెద్దమ్మ. కొంగు తలకు చుట్టుకొని నిలబడింది.

"ఎట్లా పోయింది?"

"మెడ వంకర తిరిగి పాయె. నువ్వన్నట్టే."

దాని నెత్తురు కదా ఆ రోజు నాలుగు గోడల చుట్టూ చల్లబోయారు! అది వణక్కుండా ఒక్కసారి ఒళ్ళు దులుపుకొని ఉంటే, నేను బస్సు దిగేలోపే అయిపోయేది. తొట్టిలో ముంచారు కాబట్టి ఆగింది. ఈ మాట చెప్పాలని, ఆమె చెయ్యి పట్టుకోవాలని గబగబా రోడ్డు దాటబోయాను.

"ఆగు!" అని అరిచింది పెద్దమ్మ. "ఆడనే ఆగు! నన్ను ముట్టకు! లోతుగ బొంద తవ్వి, సున్నమేసి పూడ్చిన. నా చేతులు ఇంక మంచిగలేవు."

నేను రోడ్డు మధ్యలో ఆగిపోయాను. ఒక టిప్పరు హారన్ కొడుతూ పక్క నుంచి పోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దుమ్మని చెప్పుకోవచ్చు, కాదు.

"మరి మొక్కు ఎట్లా పెద్దమ్మా?"

"తీరె గద! మేం కొయ్యకముందే అమ్మనే తీస్కున్నది." ఆమె తిరిగి పోబోతూ ఆగింది. "ఇయ్యాల తానం చేసినవా?"

"చేశాను."

"మళ్ళ చెయ్యి. నాతోని మాట్లాడినవు."

అంత దూరం నుంచి మాట్లాడితే ఏమీ కాదని నాకు తెలుసు. పశువైద్యం చదివినదాన్ని. అయినా గేటు దగ్గరికి పోయి, తొట్టిలో కాళ్ళు ముంచి, నేరుగా బాత్‌రూములోకి పోయి తలారా స్నానం చేశాను. అందరిచేత అన్ని స్నానాలు చేయించిన నేను, ఇంకొకరు చెబితే చేసిన స్నానం అదొక్కటే.